ఇల్లు అమ్మేవారికీ సొంత లాయరు కావాలి, అదీ అడ్వాన్సు పుచ్చుకోకముందే

ఇల్లు కొనేవాళ్లు ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్ల వివరాల పత్రం) తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, లాయరు ముందు పెట్టి లీగల్ ఒపీనియన్ రాయించుకుంటారు. లోను తీసుకుంటే బ్యాంకు ప్యానెల్ లాయరు మరోసారి చూస్తారు. అమ్మేవాళ్ల పక్కన ఉండేది బ్రోకరు, డాక్యుమెంట్ రైటరు మాత్రమే. మనకు రావాల్సింది డబ్బే కదా, లాయరుతో పనేముంది అన్న ధీమా హైదరాబాద్ నుంచి విశాఖ దాకా ఉంది. ఈ ధీమా చాలా ప్రమాదకరం. అమ్మేవారి చేతులు కట్టేసే కాగితం సేల్ డీడ్ (రిజిస్ట్రేషన్ చేసే అమ్మకం దస్తావేజు) కన్నా ముందే వస్తుంది. అడ్వాన్సు పుచ్చుకున్న రోజు సంతకం చేసే అగ్రిమెంటే అది.

అగ్రిమెంటు రాశాక మనసు మార్చుకుంటే అడ్వాన్సు తిరిగిచ్చేసి బయటపడొచ్చని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. ఒప్పందాలను కోర్టు ద్వారా అమలు చేయించే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ ఆ దారిని బాగా ఇరుకు చేసింది. అంతకుముందు రిజిస్ట్రేషన్ చేయమని ఆదేశించాలా, పరిహారంతో సరిపెట్టాలా అన్నది కోర్టు విచక్షణలో ఉండేది. సవరణ తర్వాత, కొనేవారు తమ వంతు నెరవేర్చడానికి సిద్ధంగా ఉన్నామని రుజువు చేస్తే ఒప్పందాన్ని అమలు చేయించడమే సాధారణ నియమం. దావాకు గడువు, అగ్రిమెంటులో రాసిన తేదీ నుంచి మూడేళ్లు. తేదీ రాయకపోతే, అమ్మేవారు నిరాకరించారని కొనేవారికి తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. అంటే తేదీ లేని అగ్రిమెంటు ఏళ్ల తరబడి ఇంటి మీద వేలాడుతూనే ఉంటుంది. దావా పడ్డాక ఇంకొకరికి అమ్మినా ఆ కొత్త కొనుగోలుదారు తీర్పుకు కట్టుబడాల్సిందే కాబట్టి, దావా సంగతి తెలిసిన వారెవరూ కొనడానికి ముందుకు రారు.

లాయరు అసలు పని ఇక్కడే. మిగతా సొమ్ము ఏ తేదీలోగా, ఏ రూపంలో రావాలి? కొనేవారి లోను మంజూరు కాకపోతే ఏమిటి? అడ్వాన్సులో ఎంత జప్తు చేసుకోవచ్చు? ఒప్పందానికి హామీగా ఇచ్చిన ధరావతునే జప్తు చేసుకోవచ్చు తప్ప, ధరలో భాగంగా ముందే చెల్లించిన సొమ్మును కాదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. డాక్యుమెంట్ రైటర్ దగ్గరి పాత నమూనాలో ఈ తేడా సాధారణంగా ఉండదు. పైగా, ఏ తగాదా వచ్చినా నా సొంత ఖర్చులతో పరిష్కరిస్తానంటూ కాలపరిమితీ, మొత్తపు పరిమితీ లేని హామీ వాక్యం కనిపిస్తుంది. అలాంటి వాక్యానికి హద్దులు గీయించమని అడిగే మనిషి అమ్మేవారి వైపు ఉండాలి.

ఇంటి మీద లోను ఉంటే గడువుల లెక్క మారుతుంది. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లోగా ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలనీ, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలనీ ఆర్‌బీఐ బ్యాంకులను ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. ఆ 30 రోజులను లెక్కలోకి తీసుకోకుండా 45 రోజుల్లో రిజిస్ట్రేషన్ అని రాసేస్తే, బ్యాంకు ఆలస్యానికి గడువు తప్పింది మీరే అవుతారు.

నగదు సంగతి మరీ ముఖ్యం. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పడే అవకాశం ఉంది. అది పడేది ఇచ్చినవారి మీద కాదు, పుచ్చుకున్నవారి మీద. పది లక్షలు నగదు అడ్వాన్సు తీసుకుని రసీదు రాసిచ్చినవారు తమ మీద సాక్ష్యం తామే రాసిచ్చినట్టు.

రిజిస్ట్రేషన్ రోజు కూడా ప్రమాదం ఉంది. సూరత్‌లోని ఒక భూమి అమ్మకం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో 2009 నాటి సేల్ డీడ్ ప్రకారం సొమ్ము 36 చెక్కుల్లో ముట్టింది. వాటిలో ఆరింటి డబ్బే, అంటే 40,000 రూపాయలే వచ్చిందని అమ్మినవారు 2014లో దావా వేశారు. సుప్రీంకోర్టు 2020లో ఆ దావాను గడువు దాటిందని తోసిపుచ్చింది. ధరలో కొంత ముట్టకపోయినంత మాత్రాన అమ్మకం చెల్లకుండా పోదని, అమ్మినవారు బాకీ కోసమే పోరాడాలని చెప్పింది. ఆ బాకీకి ఆస్తి మీద చట్టం ఇచ్చే హక్కు ఒకటి ఉంది గానీ, మొత్తం ముట్టిందని డీడ్‌లోనే సంతకం చేశాక దాన్ని నిలబెట్టుకోవడం చాలా కష్టం. డీడీ గానీ, ఖాతాలో జమ అయిన ఆధారం గానీ చూశాకే వేలిముద్ర వేయాలి.

తండ్రి స్వార్జితమైన ఇల్లు వీలునామా లేకుండా వారసులకు వస్తే, హిందూ కుటుంబాల్లో భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి జీవించి ఉంటే ఆమె, అందరూ సమాన వాటాదారులు. పెళ్లయిన ఆడపిల్ల కూడా. అన్నదమ్ములే అగ్రిమెంటు రాసి, అక్కచెల్లెళ్ల సంతకాలు తర్వాత చూసుకుందాం అనుకున్న చోట బేరాలు తిరగబడతాయి. ఆడపిల్లల సమ్మతి అడగకుండా వాళ్ల ఇల్లు బేరం పెట్టడం న్యాయమూ కాదు.

డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్నవారికి పని రెట్టింపు. అక్కడ నోటరీ లేదా భారత కాన్సులేట్ ఎదుట రాసిన జీపీఏకు (తమ తరఫున వ్యవహరించే అధికారాన్ని మరొకరికి ఇచ్చే పత్రానికి), అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. అమ్మే అధికారం, డబ్బు పుచ్చుకునే అధికారం విడివిడిగా రాయించి, సొమ్ము యజమాని ఖాతాకే రావాలని షరతు పెట్టాలి. టీడీఎస్, అంటే కొనేవారు డబ్బు చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, కూడా వేరు. ఇక్కడివారికి ధర 50 లక్షలు, అంతకు మించితే 1 శాతం. ఎన్నారై విషయంలో కొనేవారు సాధారణంగా మొత్తం ధర మీద మూలధన లాభాల రేటుకే కోసేస్తారు. తక్కువ కోతకు పన్ను అధికారి నుంచి సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలి, దానికి పట్టే సమయాన్ని అగ్రిమెంటు గడువులో కలపాలి. లెక్కలు వేసేది సీఏ, గడువు రాయించేది లాయరు.

సొంత పేరున కొన్న, లోను లేని, వాటాదారులెవరూ లేని ఫ్లాటైతే అగ్రిమెంటు, డీడ్ ముసాయిదాలు ఒకసారి చూపించుకుంటే చాలు. ఫీజు మాత్రం ధరలో శాతంగా ఒప్పుకోవద్దు. శాతం మీద పనిచేసే లాయరుకు కూడా బ్రోకరు లాగే బేరం తెగడమే ముఖ్యమవుతుంది. ఏయే పనులకు ఎంతో ముందే రాయించుకోవాలి. కొనేవారి లాయరే మీకూ చూస్తానంటే ఒప్పుకోకూడదు. ఆయన ఫీజు తీసుకునేది అవతలివారి దగ్గర.