విస్తరి ముందు శార్దూలం

పర్లాకిమిడిలో మా ఇంట ఏ పెళ్లి జరిగినా, వియ్యాలవారి పంక్తికి వడ్డన పూర్తికాగానే ఎవరో ఒకరు తిరుపతి వేంకట కవుల పద్యాన్ని వెక్కిరించి పాడవలసిందే. తరచు ఆ పాట్లు పడేది ‘పాండవోద్యోగం’లో శ్రీకృష్ణుడు నిద్ర నటించి లేచి దుర్యోధనుణ్ణి పలకరించే ‘బావా! ఎప్పుడు వచ్చితీవు’ పద్యం. బావగారిని ఆటపట్టించడానికి అంతకన్న అనువైన ఎత్తుగడ మన నాటకాల్లో దొరకదు. పైగా అది శార్దూలం కనుక ఒక్క పాదం వచ్చినవాడు కూడా రాగం తీసి గడుసుగా గట్టెక్కవచ్చు.

మొన్న మా పిన్ని కూతురి పెళ్లిలో ఆ బాధ్యత పెళ్లికూతురి తమ్ముడిది. మగపెళ్లివారిది బరంపురం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి వారి చదువులన్నీ ఒడియా బడిలోనే సాగినందువల్ల పద్యనాటకంతో వారికి పరిచయం లేదు. మావాడు హార్మోనియం శ్రుతి అందుకుని,

‘బావా! యెప్పుడు మెక్కితీవు పులుసున్, పాకంపు బూరెల్, వడల్’

అని ఎత్తుకుని, ‘వడల్’ దగ్గర ఊపిరి అందనంత దూరం సాగదీశాడు. యతి కుదిరింది గాని ఒక్కరూ నవ్వలేదు. మాటలు రాగంలో మునిగిపోయాయి. మిగిలిన వాటిలోనూ, పులుసు చివర ‘న్’ చేరితే అది స్తోత్రంలా వినిపించడంలో వింత లేదు. పంక్తి మొదట కూర్చున్న వరుడి పెదనాన్నగారు అది దేవతాప్రార్థన అనుకుని, పప్పన్నం కలిపిన చేతికి ఎడమచేతిని భక్తితో జోడించి లేచి నిలబడ్డారు. పెద్దాయన లేచాక కూర్చుంటే అమర్యాద కనుక పంక్తి మొత్తం లేచింది. పంక్తిలోంచి లేచినవారు మళ్లీ అదే విస్తరి ముందు కూర్చోకూడదని వంటశాలలోంచి మా అత్తయ్య కేక వేయడంతో, ఎవరూ కూర్చోలేక, వెళ్లలేక, నేతి చేతులతో అలాగే నిలబడిపోయారు.

1909లో వచ్చిన ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు చివర గిరీశం అన్న ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ మాట నాటకం చదవనివాడి నోట కూడా చెల్లుతుంది. శార్దూలానికి పాపం ఆ సౌకర్యం లేదు. అసలుది ఎరిగినవాడు ఎదురుగా ఉంటే తప్ప పేరడీ పండదు.

ఎరిగినవాడు లేకపోలేదు. వయసులో ఉన్నప్పుడు కృష్ణుడి వేషం కట్టిన వరుడి మేనమామగారికి సంగతి తెలిసింది, కోపమూ వచ్చింది, అయితే అది వెక్కిరింపు మీద కాదు. ‘‘ఆ రాగమేమిటి బాబూ, అలా పాడతారా?’’ అంటూ చేయి కడుక్కుని వచ్చి అసలు పద్యం నాలుగు పాదాలూ పాడారు. అంతటితో ఊరుకోక రాయబారంలోకి దిగి ‘జెండాపై కపిరాజు’ అందుకున్నారు. మా తాతగారు, ఏళ్ల నాటి అలవాటు కొద్దీ, ‘‘వన్స్ మోర్!’’ అన్నారు.

గంగాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ వంట మేస్త్రి నా చెవి దగ్గరికి వంగి, ‘‘బాబూ, కపిరాజు తరవాత మరెవరైనా ఉన్నారేటి? బూరెలు ఇప్పుడే తెమ్మంటారా, రెండో పంక్తికి ఉంచీమంటారా?’’ అని అడిగాడు.