ఏ ఏడాది బండి కావాలి నీకు?

రేపల్లె దగ్గర మూతబడ్డ ఒక రైసు మిల్లు వెనకాల పాత మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్ ఒకటి ఉంది. ఉంది అంటే, నాలుగు టైర్లూ గాలిపోయి రిమ్ముల దాకా మట్టిలో దిగబడి ఉంది. నా స్నేహితుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ రెండేళ్లుగా శని, ఆదివారాలు ఇలాంటి బండ్ల కోసమే తిరుగుతున్నాడు. దాన్ని చూసొచ్చి, తెనాలిలో వాళ్ల అక్కగారింట్లో భోజనానికి ఆగాం. బావగారు ముప్పై ఏళ్లు మిల్లు బండ్లు, లారీలు నడిపి మానేసిన మనిషి. భోజనం దగ్గర మొదలైన వాదన సాయంత్రం టీ దాకా సాగింది. బావ ఆయన, బామ్మర్ది నా స్నేహితుడు, మధ్యలో కూర్చున్నవాణ్ణి నేను. బూతులు తీసేసి, గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

బావ: ఎంత చెప్పాడు?

బామ్మర్ది: ఎనభై వేలు.

బావ: కాటా మీద పెడితే టన్నుంపావు తూగుతుందేమో. కిలో ముప్పై వేసుకున్నా నలభై వేలు దాటదు. పైన ఇంకో నలభై వేలు దేనికి?

బామ్మర్ది: ఆ మొహానికి బావా.

(ఫొటో చూపించాడు. ఎఫ్‌సీకి బానెట్ ఉండదు. ఇంజన్ మీదే క్యాబిన్ కూర్చుంటుంది కాబట్టి ముందు నుంచి చూస్తే కళ్లు పెద్దవి చేసిన పిల్లాడిలా ఉంటుంది. ఈ ఆకారం బ్రూక్స్ స్టీవెన్స్ అనే అమెరికన్ డిజైనర్‌ది. అక్కడ విల్లీస్ వాళ్లు 1956 చివర్లో తెచ్చారు, 1960ల మధ్యలో మహీంద్రా వాళ్లు ఇక్కడ చేయడం మొదలుపెట్టారు.)

బావ: ఆ మొహం వెనకాల కూర్చున్నది నేను. ఎడమ మోకాలి పక్కనే ఇంజన్. మే నెలలో బాపట్ల వెళ్లొస్తే ఎడమ కాలు ఉడికించిన దుంపలా అయ్యేది. ఖాళీ బండి మీద గట్టిగా బ్రేకు కొడితే వెనక లేచేది, బరువంతా ముందే ఉంటుందిగా. అందుకని రెండు బస్తాల ఇసుక ఎప్పుడూ తొట్టిలో పడేసి ఉంచేవాళ్లం. నువ్వు మొహం చూశావు, నేను వీపు నొప్పి చూశాను.

బామ్మర్ది: జీపు చాసీ కొలతలోనే ఆరడుగుల తొట్టి ఎలా ఇరికించారో చూడండి. వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, 81 అంగుళాలే బావా! మారుతి ఆల్టోకి కూడా అంతకంటే ఎక్కువ ఉంటుంది. చిన్న సందులో తిరిగే బండి కావాలి, సరుకు ఎక్కువ పట్టాలి అంటే వాళ్లకు తోచిన దారి అది. అలాంటి తెలివిని తూకానికి అమ్మేస్తామా?

బావ: తెలివైన బండే. కాదనను. కానీ 1980ల్లో జపాన్ వాళ్లతో కలిసి నాలుగు కంపెనీలు చిన్న లారీలతో దిగాయి. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్, ఇంకా డీసీఎం టొయోటా, స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి. 1986లో టాటా వాళ్లు 407 తెచ్చారు. అవి రోడ్డెక్కాక మా ఓనరు ఎఫ్‌సీని వెనక షెడ్డులో పెట్టించాడు. ఎవడూ ఏడవలేదు. డ్రైవర్లం పండగ చేసుకున్నాం.

బామ్మర్ది: డీసీఎం టొయోటా ఇప్పుడుందా?

బావ: ఎప్పుడో పోయింది.

బామ్మర్ది: కానీ ఇవాళ్టికీ పేపర్లో "డీసీఎం ఢీకొని ఇద్దరికి గాయాలు" అని రాస్తారు. ఏ కంపెనీ వ్యానైనా మనకు డీసీఎమ్మే. పేరు మిగిలింది, బండి ఒక్కటీ కనపడదు. ఎఫ్‌సీకి పేరు కూడా మిగల్లేదు. నా వయసు వాళ్లలో పదిమందికి చూపిస్తే తొమ్మిదిమంది ఇది ఏ దేశం బండి అని అడిగారు.

(ఈ మాటకు బావగారు కాసేపు ఏమీ అనలేదు. మజ్జిగ పోసుకున్నారు. నా లెక్కలో ఇది బామ్మర్ది గెలిచిన ఒకే ఒక్క రౌండు.)

బావ: సరే. ఇంజన్ ఏముంది అందులో?

బామ్మర్ది: అక్కడే చిక్కు. డీజిల్ ఉంది. పుట్టినప్పుడు హరికేన్ పెట్రోల్ ఇంజన్, రెండు లీటర్ల పైన, నాలుగు సిలిండర్లు. ఇన్‌టేక్ వాల్వు పైన హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వు కింద బ్లాకులో ఉండే రకం. ఎవరో దాన్ని పీకేసి డీజిల్ బిగించారు. మౌంటింగులు కోసి, క్యాబిన్ ఫ్లోరు కూడా కొంచెం కోసేశారు. బండిని పాడు చేశారు బావా.

బావ: పాడు చేశారా! ఒరేయ్, పెట్రోల్ రేటు తట్టుకోలేక చేసిన పని అది. అప్పట్లో పెట్రోల్ జీపు ఉన్న ప్రతివాడూ చేశాడు. ఆటోనగర్‌లో వరసగా నిలబెట్టి మార్చేవాళ్లు. ఆ డీజిల్ పడకపోతే నీ ఎఫ్‌సీ ఎప్పుడో ముక్కలైపోయేది. నువ్వు చూడటానికి మిగిలిందంటే ఆ ఇంజన్ పుణ్యం. ఇప్పుడు దాన్ని తీసేసి ఏం పెడతావు?

బామ్మర్ది: హరికేన్ వెతుకుతున్నాను. విజయవాడ ఆటోనగర్ అయింది, సికింద్రాబాద్ రాణిగంజ్ అయింది. చెన్నై పుదుపేటలో ఒక బ్లాకు దొరికింది కానీ వాటర్ జాకెట్ దగ్గర పగులుంది. పాత సీజే జీపుల్లోనూ అదే ఇంజన్ కాబట్టి పిస్టన్లు, గ్యాస్కెట్లు, బేరింగులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. గేరుబాక్సు, ఇరుసు హౌసింగ్ సామాను కూడా ఫరవాలేదు. దొరకనిదల్లా క్యాబిన్. హర్యానాలో జీపులు కట్టే ఊరు మండీ డబ్వాలీకి ఫోన్ చేశాను. జీపు బాడీ కొత్త రేకుతో కావాలంటే ఎన్నయినా కొట్టిస్తారు, ఎఫ్‌సీ క్యాబిన్ అనేసరికి నవ్వారు. తలుపులు, ముందద్దం, దాని చుట్టూ రబ్బరు, ఇవి ఇంకో ఎఫ్‌సీ నుంచి తీసుకోవాల్సిందే.

బావ: అది చెప్పు. ఇంకో ఎఫ్‌సీ. ఎన్ని?

బామ్మర్ది: అనంతపురం వైపు ఒకటి ఉందన్నారు. అటు వాన తక్కువ, ఉప్పు గాలి లేదు, రేకు బాగుంటుంది. ఇక్కడ సముద్రం పక్కన క్యాబిన్ కింది అంచులన్నీ చేత్తో నలిపితే రాలిపోతున్నాయి. జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లాను కదా, తలుపు కింద అంటుకోలేదు. ఇంతమందాన లప్పం పూసి రంగేశారు.

బావ: అంటే రేపల్లె బండికి అనంతపురం క్యాబిన్, పుదుపేట ఇంజన్. మరి అనంతపురం బండి ఏమైనట్టు? దాన్నీ ఎవడో నీలాంటివాడు కొనుక్కుని నిలబెట్టుకునేవాడేమో. ఒకదాన్ని బతికించడానికి రెండిటిని చంపుతున్నావు. తుక్కు కొట్టువాడూ అదే పని చేస్తాడు. వాడు దానికి నీలాగ పేరు పెట్టడు, అంతే తేడా.

బామ్మర్ది: దాని చాసీ మధ్యలో విరిగిందట. నేను తీసుకోకపోయినా గ్యాస్ కట్టర్ కిందికే పోతుంది. నేను తీసుకుంటే క్యాబిన్ అయినా బతుకుతుంది. అయినా మీరు ముప్పై ఏళ్లలో ఒక బండి స్ప్రింగు కట్ట ఇంకో బండికి వేయలేదా?

బావ: వేశాను. రోడ్డు మీద పరుగెత్తడానికి వేశాను. నువ్వు దేనికి వేస్తున్నావు? పోర్టికోలో పెట్టి ఫొటోలు తీయడానికి.

(ఇక్కడ నేను కల్పించుకుని, వింటేజ్ బండ్లకు కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది కదా అన్నాను. అనకుండా ఉండాల్సింది.)

బామ్మర్ది: అవును బావా. 2021 జులైలో వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటితే 'వీఏ' అని వేరే నంబరు ఇస్తారు. ఫీజు ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. ఈ బండి 1972దని మిల్లువాళ్లు అంటున్నారు.

బావ: ఆ నంబరు పెట్టుకుని రోజూ రోడ్డు మీద తిరగనిస్తారా?

బామ్మర్ది: లేదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోల్ కొట్టించుకోవడానికి, రిపేరుకు.

బావ: చూశావా! పెట్రోల్ కొట్టించుకోవడానికి బయటికి తీయొచ్చు, తీస్తే పెట్రోల్ అయిపోతుంది. బాగుంది. ఇంకోటి అడుగుతా. ఆ నిబంధన సొంతానికి వాడుకునే బండ్లకేనా, సరుకు బండ్లకు కూడానా?

బామ్మర్ది: ...సొంతానికి వాడేవాటికే.

బావ: ఇది మిల్లు పేరు మీద ధాన్యం మోసిన బండి. పైగా బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలంటారు, చాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకూడదంటారు. నీ దాంట్లో మూడూళ్ల సామాను. అసలు ఆర్‌సీ ఉందా?

బామ్మర్ది: పుస్తకం ఉండాలి అన్నారు. ట్రంకు పెట్టెలో వెతుకుతామన్నారు.

బావ: ఉండాలి అంటే లేదని. మూడక్షరాల పాత నంబరు బండ్లు సగం ఆన్‌లైన్‌లో ఎక్కలేదు. ఓనరు పోయాడు, కొడుకులు ముగ్గురు. సంతకాలు ఎవరు పెడతారు? పుస్తకం పోయిందంటే పోలీసు కంప్లయింటు, డూప్లికేటు, ఆ తర్వాత పేరు మార్పు. చాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది చూశావా?

బామ్మర్ది: రుద్దాను. చివరి రెండంకెలు తుప్పు తినేసింది.

బావ: ఇక ఇంజన్ సంగతి. బిల్లు లేకుండా పాత ఇంజన్ కొన్నావో, దాని నంబరు ఎక్కడ కేసులో ఉందో నీకు తెలీదు. మేరఠ్‌లో సోతీగంజ్ అని పెద్ద పాత సామాన్ల బజారు ఉండేది. దొంగ బండ్లు కోసి అమ్ముతున్నారని 2021 డిసెంబర్‌లో మొత్తం మూయించారు. నువ్వు తిరిగే అంగళ్లలో మంచివాళ్లే ఎక్కువ, నాకూ తెలుసు. కానీ బిల్లు అడిగితే మొహం మాడ్చుకునేవాడి దగ్గర నట్టు కూడా కొనకు.

(ఈ భాగంలో బామ్మర్ది చిత్తుగా ఓడిపోయాడని ఒప్పుకోవాలి. కానీ ఓడినవాడు లేచిపోలేదు. ఫోన్లో ఇంకో ఫొటో తీశాడు.)

బామ్మర్ది: కాగితాలు కాకపోతే కాకపోనీ. పెరట్లోనే పెట్టుకుంటాను. నా మాట ఒక్కటే. 1972లో ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా చూడాలి. ఆ రంగు, ఆ ఇంజన్ చప్పుడు, ఆ మూడు గేర్లు. మొదటి గేరుకు సింక్రో ఉండదట కదా, బండి ఆగితేనే పడుతుందట. అది నా చేత్తో వేసి చూడాలి.

బావ: ఆగకుండానే వేయొచ్చు. రెండుసార్లు క్లచ్ తొక్కి, మధ్యలో కొంచెం రేస్ ఇవ్వాలి. అది వదిలెయ్. 1972లో గేటు దాటిన రోజు దానికి ఏం తెలుసు? ఒక్క బస్తా మోయలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఏం చేసిందో అదంతా గీకి పారేసి, ఏమీ చేయని రోజును తెచ్చి నిలబెడతానంటావు. నీకు బండి కావాలా, షోరూమ్ కావాలా?

బామ్మర్ది: మరి ఏ ఏడాది ఉంచమంటారు? డీజిల్ వేసిన ఏడాదా? లప్పం పూసిన ఏడాదా? గడ్డి మొలిచిన ఇవాళా? అన్నీ ఉంచడం కుదరదు బావా. తుప్పును అలాగే వదిలేస్తే వచ్చే వానాకాలానికి ఉంచడానికి కూడా ఏమీ ఉండదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేను మొదటిది ఎంచుకున్నాను.

బావ: (ఫొటో చేతిలోకి తీసుకుని) తలుపు మీద ఏదో రాసుంది. పెద్దది చెయ్.

(తలుపు మీద నీలం రంగులో, చేతిరాత బోర్డు అక్షరాల్లో మిల్లు పేరు ఉంది. దాని కింద ఫోన్ నంబరు. మూడే అంకెలు.)

బావ: ఈ రాత రాసినవాడు బండ్లకు తప్ప గోడలకు రాసేవాడు కాదు. 'మ' కి తోక చూడు. ఇది గీకేస్తావా?

బామ్మర్ది: ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు లేదు కదా.

బావ: అందుకే అడుగుతున్నా.

బామ్మర్ది: ఆ తలుపు కింద నాలుగు అంగుళాలు తుప్పే బావా. మార్చక తప్పదు.

బావ: నాలుగు అంగుళాలు కోసి కొత్త రేకు అతికించు. పైన చెయ్యి పెట్టకు.

బామ్మర్ది: అప్పుడు రంగు కలవదు. సగం పాత, సగం కొత్త.

బావ: కలవకపోతే ఎవడేమంటాడు? పెరట్లో పెట్టుకుంటానన్నావుగా.

బామ్మర్ది: మరి డీజిల్ ఇంజన్?

బావ: దాని సంగతి చూడకుండా చెప్పలేను. తిరుగుతుందా, పట్టేసిందా?

బామ్మర్ది: పట్టేసింది. పెట్రోల్ ఇంజన్ దొరికేదాకా దాన్ని ముట్టుకోను.

బావ: ముట్టుకోకు. పెట్రోల్ వెతుక్కో, ఇంకో రెండేళ్లు తిరుగు.

(టీ వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గ్లాసుల్లోకి చూసుకుంటున్నారు. ఇక అయిపోయిందనుకుని నేను కారు తాళాలు తీశాను.)

బావ: యాభై అయిదు దాటొద్దు. అదీ ఆర్‌సీ పుస్తకం చేతిలో పడ్డాకే. ముగ్గురు కొడుకులూ ఒకేసారి కూర్చుంటేనే అడ్వాన్సు.

బామ్మర్ది: అంటే కొనమంటారా?

బావ: కొనొద్దనే అంటున్నాను. కొంటే యాభై అయిదు.