సగం గూడు కథ

పక్షులు జతకట్టడం గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, మగపిట్ట పాట బాగుంటే చాలు, ఆడపిట్ట వాలిపోతుందన్నట్టు రాశారు. గిజిగాడి దగ్గర అలా కుదరదండీ. పరకాల దగ్గర మా పొలం బావి మీదికి వంగిన తుమ్మకు వానాకాలమంతా వాటి గూళ్లే. పసుపు తల మగది సగం గూడు అల్లి, దానికి వేలాడుతూ రెక్కలు టపటపలాడించి అరుస్తుంది. ఆడది లోపలికి దూరి చూస్తుంది. నచ్చితేనే కింది గొట్టం పూర్తవుతుంది, లేదంటే ఆ గూడు అంతే. అల్లిక కంటే గూడు ఎక్కడ కట్టిందన్నదే దానికి ముఖ్యమని పరిశోధకులు తేల్చారు. గుడ్లు పొదిగే రెండు వారాల తిప్పలు ఆడదానివే. మగది అప్పటికే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకోదాన్ని పిలుస్తుంటుంది! మగదాని ఈ తీరు గురించి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లోనే రాశారు. మా అవ్వ మాత్రం ఆ సగం గూళ్లు చూసి "పని దొంగలు" అని తిట్టేది.