కప్లర్‌లో కొలువున్న లాక్ నాలుక గారికి విన్నపం

మహారాజశ్రీ లాక్ నాలుక గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో తమరు క్షేమమే. బండి వైర్లను కలిపే ప్లాస్టిక్ కప్లర్‌లోంచి, వైరు కొసనున్న లోహపు పిన్నును బయటికి తీయబోయాం. మా వైపు ఒక పిన్నీసు వంగింది, ఒక గోరు విరిగింది, వైరులో రెండు పోగులు తెగాయి. పిన్ను మాత్రం ఉన్నచోటే ఉంది.

చూడబోతే గోటి కొనంత ఉంటారు. పిన్ను వెనక్కి రాకుండా దాని మెట్టుకు అడ్డం నిలబడటమే తమ ఉద్యోగం. వైరు ఎంత బలంగా లాగితే పిన్ను అంత బలంగా వచ్చి తమకే ఆనుతుంది, తమరు ఇంకా బిగుస్తారు. లాగేవాడి కండబలమంతా తమ ఖాతాలోనే జమ. ఈ లెక్క అందనివాళ్ళు నోస్ ప్లయర్ పట్టుకుని లాగుతూనే ఉంటారు. చివరికి వైరు క్రింప్ దగ్గర, అంటే పిన్నును వైరు మీద నొక్కి బిగించిన చోట, ఊడి చేతికొస్తుంది, పిన్ను తమ సేవలోనే ఉండిపోతుంది.

తమ దర్శనానికి ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఏ గదిలో ఏ రంగు వైరుందో ఫోటో తీసుకోవాలి. ఆ తర్వాత తమ పెద్దన్నగారి అనుమతి. అదే, రెండో లాక్. ఆయన అడ్డం ఉన్నంతసేపూ తమరు వంగరు, వంగే చోటే ఉండదు. డాయిచ్ డీటీ అనే రకం కప్లర్లలో ఆయన ముందువైపున్న వెడ్జ్ అనే ప్లాస్టిక్ ముక్క. కొక్కెంతో నేరుగా లాగితే బయటికొస్తారు. చాలా కప్లర్లలో ఒక్క మెట్టు మాత్రమే జరుగుతారు. పూర్తిగా పీకాలని చూస్తే కాళ్ళు విరుగుతాయి, మళ్ళీ నిలబడరు. చలికి ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటే హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చచేయడం మర్యాద.

ఇక తమ దగ్గర పని. వైరును ముందు లాగకూడదు, లోపలికి తోయాలి. వెంట్రుకవాసి కదిలినా చాలు, తమ మీద బరువు దిగిపోతుంది. అప్పుడు ముందువైపు నుంచి, పిన్ను పక్కనున్న సన్నని సందులో టూలు పోనిచ్చి, తమరిని పిన్నుకు దూరంగా ఎత్తిపట్టి, వైరును మెల్లగా వెనక్కి తీయాలి. రెండు వేళ్ళ బలం చాలు. చాలలేదంటే తమరింకా లేవలేదన్నమాట. టూలు బయటికి తీసి మళ్ళీ మొదటి నుంచి.

పిన్నీసు లావు. సందు దొరక్క ఫీమేల్ పిన్ను (ఎదుటి పిన్నును లోపలికి తీసుకునేది) నోట్లోకే దిగుతుంది, లోపలి స్ప్రింగును వెడల్పు చేస్తుంది. ఆ పాపం ఆ రోజు బయటపడదు. కప్లర్ పెడతారు, లైటు వెలుగుతుంది, అందరూ సంతోషిస్తారు. తర్వాత గతుకుల్లో కాంటాక్టు పోతూ వస్తూ ఉంటుంది, కరెంటు ఎక్కువ లాగే వైరైతే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. నింద మాత్రం ఫ్యూజు మీద పడుతుంది.

తమ దాయాదుల వైఖరి వేరు. వాళ్ళు కప్లర్ గోడకు కాక పిన్ను ఒంటికే పుట్టిన రేకు నాలుకలు. వాళ్ళను ఎత్తకూడదు, పిన్ను వైపు నొక్కాలి. నొక్కించుకున్నవాళ్ళు అలాగే అణిగి ఉండిపోతారు కాబట్టి మళ్ళీ దూర్చే ముందు చాకు మొనతో బయటికి వంచాలి. మరిచిపోతే టిక్కుమనదు, కప్లర్ జత చేయగానే ఆ పిన్ను వెనక్కి జారిపోతుంది. ఇంకో శాఖవారు మరీ విచిత్రం: మెట్రీప్యాక్ 150 అనే రకం కప్లర్లు కొన్నింటిలో పిన్ను వెనక్కి రాదు, ముందువైపుకే బయటికి తోయాలి. వెనక నుంచి లాగి లాగి రబ్బరు సీలు చింపితే అందులోంచి నీరు దిగి పచ్చటి చిలుము పడుతుంది.

తిరిగి కూర్చోబెట్టాక టిక్కుమన్నారా, వైరు కొంచెం లాగితే పట్టుకున్నారా, అదే మాకు తాంబూలం. పెద్దన్నగారు మూసుకోనని మొరాయిస్తే ఏదో ఒక పిన్ను పూర్తిగా కూర్చోలేదని ఆయన చెబుతున్నట్టు. సుత్తి వెతకాల్సిన పని లేదు.

ఇట్లు,
డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా, పళ్ళ మధ్య టార్చితో,
తమ విధేయులు.

తా.క.: పసుపు కప్లర్లలోని తమ బంధువుల జోలికి రాము. అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. టెస్ట్ లైటు పెట్టినా పేలవచ్చు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో హైవోల్టేజీ మోసే నారింజ రంగు లావు కేబుళ్ళకు దూరం నుంచే నమస్కారం.