పెళ్లి బ్లౌజు మీద పెళ్లికొడుకు ముఖం

పోయిన మాఘమాసంలో ఓ పెళ్లికి వెళ్లాను. పీటల మీద కూర్చున్న పెళ్లికూతురి వీపున, బ్లౌజు మీద, మళ్లీ ఆ అమ్మాయే ఉంది, పక్కన పెళ్లికొడుకు. నిశ్చితార్థం ఫొటో ఇచ్చి కుట్టించారట. వెనక కుర్చీల్లో ఉన్న మాకు అసలు పెళ్లికొడుకు సరిగ్గా కనపడలేదు గానీ, ఈ దారపు పెళ్లికొడుకు మాత్రం తాళి కట్టేదాకా మమ్మల్నే చూస్తూ కూర్చున్నాడు. నగలు ఎంత బాగా వచ్చాయో! కాసులపేరులో కాసులు లెక్కపెట్టుకోవచ్చు. చీర అంచుకు, పూలదండకు వంక పెట్టడానికి లేదు. ముఖాలే, ఎవరివో అన్నట్టున్నాయి. నవ్వుతున్న నోట్లో తెల్లదారం అడ్డంగా ఒక పట్టీలా పోయింది. నా పక్కనున్నావిడ "పాపం, ఈ వయసుకే పళ్ల సెట్టా!" అని కొంగు అడ్డం పెట్టుకుంది.

కుట్టినవాళ్లకు పనితనం లేక కాదు. కాసులపేరును అంత నిక్కచ్చిగా దించిన చేతికి పెదవి రాదా? చిక్కంతా వాళ్లకు ఇచ్చిన ఫొటోతోనే. ఫొటోలో ఉన్నదంతా గుడ్డ మీదికి రావాలని పట్టుబట్టడం వల్లే పోలిక పోతోందని నా అభిప్రాయం.

ఒక చిన్న లెక్క వేద్దాం. బ్లౌజు మీద ముఖం ఎత్తు రెండంగుళాలు, అంటే సుమారు 50 మిల్లీమీటర్లు. అంత ముఖంలో కన్ను వెడల్పు 7 మిల్లీమీటర్లుంటే, ఎత్తు రెండు, రెండున్నర. ఆరు పోగుల దారంలోంచి ఒక్క పోగు లాగి కుట్టినా ఆ ఎత్తులో పట్టేది ఆరేడు వరసలు. పై రెప్ప, కింది రెప్ప, తెల్లగుడ్డు, నల్లగుడ్డు, కాటుక, చూపులో మెరుపు అన్నీ ఆ ఆరేడు వరసల్లోనే సర్దుకోవాలి. ఒక్క వరస అటూ ఇటూ అయిందా, మెల్లకన్ను. పళ్ల సంగతి ఇంకా కష్టం. పన్నుకీ పన్నుకీ మధ్య గీత కుడితే నోరు దువ్వెనలా అవుతుంది, మానేస్తే ఆ పెళ్లిలో చూసిన పట్టీ. అనుభవం ఉన్న చెయ్యి నోరు మూసుకున్న ఫొటో ఉందా అని అడుగుతుంది. నిశ్చితార్థం రోజున నోరు మూసుకునేదెవరు?

ఈ చిక్కు మనకే కొత్తగా వచ్చింది కాదు. వెయ్యేళ్లుగా సూది పట్టినవాళ్లంతా ముఖం దగ్గరే ఆగి ఆలోచించారు, తలా ఒక దారి వెతుక్కున్నారు. 11వ శతాబ్దపు బేయూ టాపెస్ట్రీనే తీసుకోండి. టాపెస్ట్రీ అంటే మగ్గం మీద బొమ్మలు నేసిన గుడ్డ. ఇది పేరుకే టాపెస్ట్రీ, నిజానికి అది నార గుడ్డ మీద ఉన్నిదారంతో కుట్టిన ఎంబ్రాయిడరీ. పొడవు సుమారు 70 మీటర్లు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన కథంతా అందులో ఉంది. గుర్రాలను, బట్టలను, పడవలను ఉన్నిదారంతో నిండుగా కుట్టి, మనుషుల ముఖాల్ని, చేతుల్ని మాత్రం ఖాళీగా వదిలేశారు. ఉత్త నార గుడ్డే చర్మం. దాని చుట్టూ స్టెమ్ స్టిచ్‌తో, అంటే కాడకుట్టుతో, ఒక గీత, కళ్లకూ ముక్కుకూ మరో రెండు మూడు గీతలు. అయినా ఎవరు భయపడుతున్నారో, ఎవరు ఆజ్ఞ ఇస్తున్నారో తెలిసిపోతుంది.

చంబా రుమాలుది మరో దారి. హిమాచల్‌లోని ఆ చిన్న రాజ్యంలో సూక్ష్మచిత్రాలు వేసే చిత్రకారులే బొగ్గుతో గుడ్డ మీద బొమ్మ గీసిచ్చేవారు, ఆడవాళ్లు కుట్టేవారు. వాళ్లది దోరుఖా పని. రెండు వైపులా ఒకేలా కనపడాలి, ముడి ఎక్కడా దొరకకూడదు. అందులో ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి. అలా తిరిగిన ముఖంలో నుదురు, ముక్కు, గడ్డం ఒకే గీతలో వచ్చేస్తాయి, కన్ను ఒక్కటే కుడితే చాలు. 1883లో చంబా రాజు బ్రిటిష్ వాళ్లకు కానుకగా ఇచ్చిన కురుక్షేత్ర యుద్ధం రుమాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మన తోలుబొమ్మల్లోనూ చాలా ముఖాలు పక్కకు తిరిగే ఉంటాయి కదా. లంబాడీల కుట్టులోనైతే మనిషి బొమ్మ దాదాపు కనపడదు. అద్దాలు, గవ్వలు, గళ్లు, త్రికోణాలతోనే దాని అందమంతా.

ఇక ముఖాన్ని నిజంగానే నింపినవాళ్ల దగ్గరికి వద్దాం. 13, 14 శతాబ్దాల్లో ఇంగ్లండులో చర్చి వస్త్రాల మీద చేసిన పనిని ఓపస్ ఆంగ్లికానమ్ అంటారు. అందులో సెయింట్ల ముఖాల్ని సన్నటి పట్టుదారంతో, ముందు కుట్టు దారాన్ని చీల్చుకుంటూ వచ్చే స్ప్లిట్ స్టిచ్‌తో కుట్టారు. బుగ్గ మధ్యలో మొదలుపెట్టి నీళ్లలో సుడిలా తిప్పుకుంటూ వచ్చారు. రంగు మార్చకుండానే బుగ్గ ఉబ్బెత్తుగా కనపడుతుంది. ఎందుకంటే పట్టుదారం మీద వెలుగు అది పడుకున్న దిక్కును బట్టి మెరుస్తుంది. మీ ఇంట్లో ఏ పట్టు రీలు ఉన్నా చూడొచ్చు. అదే దారాన్ని నాలుగు కుట్లు నిలువుగా, నాలుగు కుట్లు అడ్డంగా వేసి కిటికీ దగ్గర పెట్టండి, రెండు రంగుల్లా కనపడతాయి. ఫొటోకు ఈ గుణం లేదు. దానికి తెలిసింది రంగు మచ్చలే.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదే. అమ్మమ్మ ఫొటో పెద్దది చేయించి, ట్రేస్ కాయితానికి పిన్నుతో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన నీలం పొడితో అచ్చు తీసుకుని కూర్చున్నాను. ఫొటోలో ఎన్ని ఛాయలున్నాయో అన్నీ రావాలని 14 రంగులు కొన్నాను. మూడు నెలల తర్వాత చూస్తే జిల్లాల మ్యాపు ఉంది, అమ్మమ్మ లేదు. బుగ్గ మీద నీడ మచ్చలా, ముక్కు పక్క వెలుగు బొల్లిలా. అంతా విప్పేశాను. రెండోసారి మూడే రంగులు. నుదుటి మీద కుట్లు అడ్డంగా, బుగ్గ మీద కంటి కింద నుంచి దవడ వైపు వంపుగా, గడ్డం చుట్టూ గుండ్రంగా. ముక్కుకు గీతే పెట్టలేదు. ముక్కుపుటాల కింద రెండు చిన్న కుట్లు, ఒక ముక్కుపుడక, అంతే. అటుగా వచ్చిన మా పిన్ని అద్దాలు పెట్టుకోకుండానే "అమ్మ కదూ" అంది.

అచ్చం ఫొటోలా రావడం అసాధ్యమని నేననను. చైనాలో సుజౌ కుట్టుకు పేరు తెచ్చిన షెన్ షౌ (1874-1921) అది చేసి చూపించింది. జపాన్ వెళ్లొచ్చాక పాశ్చాత్య చిత్రాల్లోని వెలుగునీడల్ని సూదిలోకి తెచ్చింది. ఆమె కుట్టిన ఇటలీ రాణి ఎలీనా చిత్రానికి 1911 టూరిన్ ప్రదర్శనలో, ఏసుక్రీస్తు చిత్రానికి 1915 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో బహుమతులొచ్చాయి. కానీ సుజౌలో ఒక పట్టుపోగును పదహారు పాయలుగా, అంతకన్నా సన్నగా కూడా చీలుస్తారు. మా ఆరేడు వరసల లెక్క అక్కడ వర్తించదు. ఒక్క ముఖానికి నెలలు పడతాయి. ముహూర్తానికి వారం ముందు బ్లౌజు పీసు తెచ్చి "రేపటికల్లా ఇవ్వండి" అనే టెన్షన్ అక్కడ ఉండదు.

మన మగ్గం వర్క్‌లో వాడేది ఆరీ సూది. దాని కొన కొక్కెంలా ఉంటుంది, కింది నుంచి దారాన్ని పైకి లాగి గొలుసు కుట్టు వేస్తుంది. తీగలకు, ఆకులకు, పూసలకు, చెమ్కీకి దానంత వేగంగా పనిచేసేది లేదు. చర్మం ఛాయను మెల్లగా మార్చడం మాత్రం దాని పని కాదు. అందుకే చాలామంది ముఖం దగ్గర మామూలు సూది తీసుకుంటారు. కొందరు ముఖాన్ని ఫ్యాబ్రిక్ పెయింటుతో వేసేసి, నగలు, బట్టలు కుడతారు. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో, అమెరికాలో పట్టు మీద కుట్టిన చిత్రాల్లోనూ ముఖాలు రంగులతో వేసినవే. కంప్యూటర్ వర్క్‌తోనే నాకు పేచీ. పంచింగ్ చేసేవాళ్లు, అంటే బొమ్మను మెషీన్ కుట్టేలా కంప్యూటర్లో కుట్లుగా మార్చేవాళ్లు, ఓపిగ్గా ముక్క ముక్కకీ దిక్కు మారిస్తే సరే. హడావుడిలో బుగ్గ, నుదురు, గడ్డం అంతా ఒకే వాలులో నింపేస్తారు. అప్పుడు ముఖం ఇస్త్రీ చేసినట్టు చదునుగా వస్తుంది.

డబ్బు లెక్క కూడా ఉంది. బ్లౌజు రేటు చెప్పేటప్పుడు చూసేది చేతులు నిండుగానా, కుందన్లు ఎన్ని, జర్దోసీ ఎంత అని. అన్నిటికన్నా ఎక్కువ సేపు పట్టేది ముఖం, అందులో కనిపించే సరుకు మాత్రం రూపాయి దారం. మగ్గం పక్కన ఒంగి కూర్చున్న కారీగర్‌కు ముఖం మీద ఒక పూట ఎక్కువ పెడితే ఆ పూట కూలి పోయినట్టే. ముఖానికి వేరే రేటు కట్టండి, సగం చిక్కులు అక్కడే తీరతాయి.

ఇంకొక సంగతి. ఈ మధ్య మా బంధువులమ్మాయి బ్లౌజుకని షాపుకు తోడు వెళ్లాను. ఆ పిల్ల చక్కని చామనఛాయ. ముఖానికి ఏ దారం వాడతారని అడిగితే, ఆ అబ్బాయి లేత గులాబీ రంగు రీలు తీసి "స్కిన్ కలర్ మేడమ్" అన్నాడు. మరి డబ్బాలో ఇన్ని గోధుమ, చాక్లెట్ రంగు రీళ్లున్నాయి కదా, అవెందుకు అన్నాను. గోడకు వేలాడుతున్న పల్లకి డిజైన్ బ్లౌజు చూపించాడు. లోపల పెళ్లికూతురు గులాబీ రంగులో ఉంది.

"అవి పల్లకి మోసే బోయీలకండీ" అన్నాడు.