గారపళ్ల గుట్టు నీళ్లు మారినంత మాత్రాన తేలదు

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో గారపట్టిన పళ్లను చూసి ఊరి పేరు చెప్పే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు రావడం నల్లగొండకు జరిగిన గొప్ప మేలు. అయితే నీళ్లు వచ్చాయి కాబట్టి ఫ్లోరైడ్‌పై పరిశోధన అక్కరలేదనుకుంటే అది ఈ జిల్లాకు అన్యాయమే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ హాని చేస్తుందని అందరికీ తెలుసు. ఆ హాని ఒంట్లో ఎక్కడ మొదలవుతుందన్నది మాత్రం ఇంకా తెగని ప్రశ్న.

పంటి పైపొర ఎనామిల్‌లో దాదాపు 96 శాతం ఖనిజమే. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడు ఈ ఎనామిల్ మెత్తని ప్రోటీన్ ముద్ద. అందులో అధిక భాగం అమెలోజెనిన్ అనే ప్రోటీన్. స్లాబుకు సెంట్రింగ్ కట్టినట్టు ఈ ప్రోటీన్ ఆధారంగానే స్ఫటికాలు పెరుగుతాయి. ఆ తర్వాత సెంట్రింగ్ విప్పేయాలి. ఆ పని మొదటి దశలో ఎంఎంపీ-20, చివరి దశలో కేఎల్‌కే-4 అనే ఎంజైములు చేస్తాయి. ప్రోటీన్ ఖాళీ చేసిన చోట ఖనిజం నిండి పన్ను గట్టిపడుతుంది. ఈ రెండింటిలో దేని జన్యువు చెడినా పుట్టుకతోనే ఎనామిల్ లోపం వస్తుంది. ఫ్లోరైడ్ సోకిన పంటిలోనూ ప్రోటీన్ మిగిలిపోయి, పైపొర కింద గుల్లతనం ఉంటుంది.

మరి ఫ్లోరైడే ఈ ఎంజైములను పనిచేయకుండా చేస్తోందా? ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. రక్తంలో చక్కెర పరీక్షకు వాడే బూడిదరంగు మూత గొట్టంలో సోడియం ఫ్లోరైడే ఉంటుంది. అది ఎనోలేజ్ అనే ఎంజైమును అడ్డుకుని, రక్తకణాలు చక్కెరను కరిగించకుండా ఆపుతుంది.

అనుమానం తేల్చడానికి మనిషి పంటి మొగ్గ దొరకదు. మనిషి జన్యువును ప్రయోగశాలలో పెంచిన కణాల్లో పెట్టి తయారుచేసిన రీకాంబినెంట్ ఎంజైము అక్కరకొచ్చేది ఇక్కడే. చిన్న సీసాలో, మైక్రోగ్రాముల లెక్కన అమ్ముతారు. కేఎల్‌కే-4 నిద్రాణ రూపంలో తయారవుతుంది. దాని ముందు తునకను కత్తిరిస్తేనే మేల్కొంటుంది. ఒంట్లో ఎంఎంపీ-20 ఆ పని చేయగలదు, ప్రయోగశాలలో థర్మోలైసిన్ అనే మరో ఎంజైము చేస్తుంది. తెగితే మెరిసే పెప్టైడ్‌ను, అంటే చిన్న ప్రోటీన్ తునకను కలిపి, ఒక వరుసలో ఫ్లోరైడ్ వేసి, మరో వరుసలో వేయకుండా వెలుగును కొలుస్తారు. ఫ్లోరైడ్ వేసిన వరుసలో వెలుగు తగ్గితే ఎంజైముకు అడ్డు తగిలినట్టే.

ఇలాంటి ప్రయోగాల్లో పంటికి చేరగల మోతాదు ఫ్లోరైడ్ ఈ ఎంజైములను నేరుగా ఆపలేదు. దాంతో అనుమానం ఎనామిల్ కట్టే కణాల మీదికి మళ్లింది. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ కణాలు కేఎల్‌కే-4 తయారీనే తగ్గిస్తున్నాయని ఎలుకలపై పరిశోధన సూచించింది. నా దృష్టిలో ఇది చాలా విలువైన మలుపు. ‘ఫ్లోరైడ్ ఎంజైములను చంపేస్తుంది’ అన్న గంపగుత్త మాట ఇక్కడ నిలవదు. ఒక్కో ఎంజైమును విడిగా పరీక్షించాల్సిందే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. సీసాల్లో అమ్మే ఆ ఎంజైము పరిశోధనకే, మందు కాదు. పన్ను బయటికి వచ్చేసరికి ఎనామిల్ కట్టిన కణాలే మిగలవు. కాబట్టి ఎంజైము పూసి గార పోగొడతామని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

నల్లగొండలో 2007 నుంచి మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008 నుంచి పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ’ పేరే పెట్టారు. ఒకే బోరు నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరి పళ్లే ఎక్కువ ఎందుకు చెడ్డాయి? తిండిలో కాల్షియం తేడానా, జన్యువుల తేడానా? ఈ జిల్లాను వదిలి దీన్ని ఇంకెక్కడ అడుగుతాం? దంత వైద్యశాలల్లో తీసి పారేసే పళ్లను, రోగుల అనుమతితో, ఏ ఊరివారో, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారో రాసిపెట్టి భద్రపరచాలి. వాటిలో మిగిలిన ప్రోటీన్‌ను కొలవాలి. చిన్నతనమంతా బోరు నీళ్లు తాగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఈ పనికి ప్రభుత్వం ఇప్పుడే నిధులివ్వాలి.