పెద్దవాళ్లను కూర్చోబెడితే పడకుండా ఉంటారా?

పెద్దాయన ఒకసారి కాలుజారి పడ్డారంటే చాలు, మర్నాటి నుంచి ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట: "మీరు లేవకండి, ఏం కావాలన్నా మేం తెచ్చిస్తాం." ప్రేమతో అనేదే. కానీ కూర్చున్నకొద్దీ కాళ్లలో సత్తువ తగ్గుతుంది, భయం పెరుగుతుంది, ఆ భయంతో అడుగు ఇంకా తడబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు. వాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ.

చైనాలో పుట్టిన నెమ్మది కదలికల వ్యాయామం తాయ్ చీ దీనికి సరిగ్గా ఎదురుదారి పడుతుంది. తూలే పరిస్థితిని కావాలనే తెచ్చి, అందులో నిలబడటం నేర్పుతుంది. ఒక్క అడుగు చూడండి. మోకాళ్లు కాస్త వంచి, ఒంటి బరువంతా కుడికాలి మీదికి తెచ్చాకే ఎడమకాలు లేపుతారు. ముందు మడమ నేలకు ఆనుతుంది, తర్వాత పాదం పరుచుకుంటుంది. బరువు ఇంకా వెనక కాలి మీదే ఉంటుంది, మెల్లగా ముందుకు మారుతుంది. మామూలు నడకలో ఊపే మనల్ని ముందుకు నెట్టేస్తుంది. ఇక్కడ ఆ ఊపు ఉండదు, మొత్తం కండరాలే మోయాలి. చూడ్డానికి తేలికే, చేస్తే తొడలు వణుకుతాయి!

అమెరికాలో 70 ఏళ్లు దాటిన 670 మందిపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాల శిక్షణ. కేవలం స్ట్రెచింగ్ చేసినవాళ్లకంటే తాయ్ చీ చేసినవాళ్లు పడటం 58 శాతం తగ్గింది. రకరకాల వ్యాయామాలు కలిపి చేసినవాళ్లతో పోల్చినా 31 శాతం తక్కువే. అయితే అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే సంస్థ) సమీక్షలో తాయ్ చీతో తగ్గుదల 19 శాతమే, అదీ గట్టి ఆధారం కాదన్నారు. బ్యాలెన్స్ వ్యాయామాలకు అదే సమీక్ష 24 శాతం ఇచ్చింది, గట్టి ఆధారంతో.

నేనైతే తాయ్ చీకి ఆ చిన్న అంకెనే, 19 శాతాన్నే నమ్ముకుంటాను. 58 శాతం వచ్చింది పడకుండా ఉండటం కోసమే ప్రత్యేకంగా మలిచిన శిక్షణతో. నిలబడగలిగిన వాళ్లను కూడా కుర్చీలో కూర్చోబెట్టి చేతులు ఊపించే క్లాసు నుంచి అది ఆశించలేం. చేరేముందు ఒకటే అడగండి: ఇక్కడ బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుస్తారా, లేదా? మొదట్లో పక్కన గోడో, కుర్చీ వీపో ఉంటే తప్పేం లేదు. మోకాళ్ల నొప్పులుంటే లోతుగా వంగక్కర్లేదు.

ఇటీవలే పడ్డవాళ్లు, తల తిరిగేవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని కలవాలి. తూలడానికి కారణం నిద్రమాత్రో, బీపీ మాత్రో అయితే తాయ్ చీ దాన్ని సరిచేయలేదు.